గురి తప్పిన తుపాకీ

ఫిల్మ్‌నగర్‌లో తుపాకీ గురి తప్పదు. విలన్‌ది తప్పుతుంది గానీ హీరోది తప్పదు. గుర్రం మీంచి పేల్చినా, కదిలే రైలు మీంచి పేల్చినా, వెనక్కి తిరక్కుండా భుజం మీదుగా పేల్చినా అవతలివాడి చేతిలో ఆయుధం ఎగిరిపడాల్సిందే. ఈ సరదా మనకి 1971లో గట్టిగా అంటుకుంది. ఆ ఏడు పద్మాలయా వారు ‘మోసగాళ్ళకు మోసగాడు’ తీశారు. కథ ఆరుద్రగారిది, దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్‌గారిది. కృష్ణగారి నెత్తిన కౌబాయ్ టోపీ పెట్టి రాజస్థాన్ ఎడారుల్లో తిప్పారు. తర్వాత 1990లో చిరంజీవిగారి ‘కొదమసింహం’, 2002లో మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ వచ్చాయి. మధ్యలో 2001లో ‘మృగరాజు’ వచ్చింది. అందులో చిరంజీవిగారు ఏకంగా మనుషుల్ని తినే సింహం మీదికే తుపాకీ పట్టుకు బయల్దేరారు.

సెట్లో పేలేది ఉత్త తూటా. మందు ఉంటుంది, గుండు ఉండదు. ఇప్పుడైతే చాలా సినిమాల్లో ఆ మందు కూడా లేదు. నిప్పూ పొగా కంప్యూటర్లోనే అద్దేస్తున్నారు. భుజానికి తగిలే దెబ్బ నటన, చెవులు గింగురుమనే చప్పుడు డబ్బింగ్ థియేటర్ చలవ. కాబట్టి అక్కడ గురి తప్పే ప్రసక్తే రాదు. అయితే ఈ ఫిల్మ్‌నగర్ గుట్టల మీదే, ఇక్కడి ఇళ్ళల్లోనే, నిజం తుపాకీలు కూడా ఉన్నాయి. అవి తప్పుతాయి. ఎందుకు తప్పుతాయి, తప్పినప్పుడు ఏం చూడాలి అన్నదే ఇవాళ నేను మాట్లాడబోయే విషయం.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్ళల్లో ఉన్న రైఫిళ్ళు నేను చూసినంతలో రెండు తరాలవి. ఒకటి తాత తండ్రుల నుంచి వచ్చిన షికారు తుపాకులు. మన హైదరాబాద్‌కి షికారు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటలో పేరు పడ్డ మనిషి. వనస్థలిపురం దగ్గర ఇవాళ మనం పిల్లల్ని తీసుకెళ్ళి జింకల్ని చూపించే హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేట మైదానమే. అటు తిరుపతి వైపు మామండూరు అడవుల్లో వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ తన .405 వించెస్టర్ పట్టుకుని తిరిగిన కథలు చదివినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రావడంతో ఆ షికార్లకి తెర పడింది. తుపాకులు మాత్రం అల్మారాల్లో మిగిలాయి. రెండో తరం పిల్లల ఎయిర్ రైఫిళ్ళు. షూటర్ గగన్ నారంగ్ లండన్ ఒలింపిక్స్‌లో పతకం కొట్టాక వీటి సంఖ్య బాగా పెరిగింది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళ నాన్నగారికి ఆదిలాబాద్ వైపు వ్యవసాయం ఉండేది. పంట కాపలాకని ఆ రోజుల్లో తీసుకున్న రైఫిల్ లైసెన్సు మారి ఈయన పేరు మీదికి వచ్చింది. అది .315 రకం. వాడుకలో ‘త్రీ ఫిఫ్టీన్’ అంటాం. మన ఇషాపూర్ ఫ్యాక్టరీ సరుకు. సైన్యం వాడిన పాత లీ-ఎన్‌ఫీల్డ్ పోలికలోనే ఉంటుంది. గొట్టం కొలత మాత్రం వేరు. సైన్యం తూటా పౌరుల తుపాకీలో పట్టకూడదన్న నియమం ఇంగ్లీషు వాళ్ళ కాలం నాటిది. ఆ నియమం వల్ల పుట్టిన కొలత ఇది.

“ఏమయ్యా, దీని గొట్టం అరిగిపోయినట్టుంది. యాభై మీటర్లలో తలుపంత అట్ట పెట్టినా తగలట్లేదు. కొత్త గొట్టం వేయిద్దామా?” అన్నారాయన.

“బాబాయిగారూ, నాన్నగారు ఏడాదికి ఎన్ని తూటాలు కాల్చేవారు?” అన్నాను.

“దీపావళికో, పందులొచ్చినప్పుడో. పదో పరకో.”

అలాంటప్పుడు అరగడానికి తీరికేదీ? ఇంత బరువు తూటా కాల్చే రైఫిల్ గొట్టం అరగాలంటే వేలల్లో పేల్చాలి. గొట్టం అరగడం అన్నది అందరూ మొదట అనే మాట. నిజంలో చిట్టచివర చూడాల్సిన సంగతి. ఎందుకంటే గొట్టం మార్చడం అన్నిటికన్నా ఖర్చు, పైగా లైసెన్సున్న మరమ్మతుదారు తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వేయకూడదు. స్క్రూ బిగించడానికి పైసా ఖర్చు లేదు. చవకైన అనుమానంతో మొదలుపెట్టి ఖరీదైన అనుమానం దాకా వెళ్ళాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నా అనుభవంలో తుపాకీ వైద్యం అంటే ఇంతే, మిగతాదంతా ఓపిక.

ఆ రైఫిల్‌ని అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాం. ముందుగా బోల్టు వెనక్కి లాగి, గది ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి చూశాను. ఖాళీ అని ఎవరు చెప్పినా ఈ పని మానకూడదు. తర్వాత ఇసుక మూటల మీద ఆనించి యాభై మీటర్ల దూరంలో అట్ట మీద ఐదు గుళ్ళు కాల్చాను. ఒక్క గుండుని బట్టి తుపాకీ మంచి చెడ్డలు చెప్పడం అన్యాయం. అది ఎటు పడినా అదృష్టమో దురదృష్టమో తేలదు. ఐదు గుళ్ళు కలిసి పడితేనే కాగితం మాట్లాడుతుంది. రేంజ్‌లో దాన్నే ‘గ్రూప్’ అంటారు.

కాగితం ఇలా ఉంది. మూడు రంధ్రాలు కింద ఎడమ పక్కన బెత్తెడు చోటులో. మిగతా రెండు అక్కడికి జానెడు పైన, కుడివైపు, పక్కపక్కనే.

బాబాయిగారు పెదవి విరిచారు. నాకు మాత్రం ఉత్సాహం వచ్చింది. గొట్టం చెడితే గుళ్ళు గింజలు చల్లినట్టు అన్ని దిక్కులా పోతాయి. ఇలా రెండు జట్లు కట్టవు. రెండు జట్లు కట్టాయంటే తుపాకీలో ఏదో ఒకటి ఒకసారి ఒకచోట, మరోసారి ఇంకోచోట కూర్చుంటోందన్నమాట. లేదా మనం రెండు రకాల తూటాలు కాలుస్తున్నామన్నమాట.

రెండూ నిజమే అయ్యాయి. ట్రిగ్గర్ గార్డు ముందున్న స్క్రూ వేలితో తిప్పితే తిరిగింది. కుందా కర్ర ఏళ్ళ తరబడి ఎండకి ఆరి, వానకి ఉబ్బి, మళ్ళీ ఆరి కుదించుకుపోతే స్క్రూ పట్టు వదులుతుంది. గొట్టం కింద ఉన్న ముందు కర్ర దగ్గర పది రూపాయల నోటు జొనిపి చూశాను. ఒక పక్క నోటు సాఫీగా జారింది, రెండో పక్క అంగుళం కూడా పోలేదు. ఈ పాత రకంలో కర్ర గొట్టాన్ని కొన్నిచోట్ల పట్టి ఉండటం తప్పు కాదు. కానీ ఒక పక్కే నొక్కుతుంటే పేలిన ప్రతిసారీ గొట్టం అదిరే తీరు మారిపోతుంది. కొత్తరకం వేట రైఫిళ్ళలో అయితే గొట్టానికీ కర్రకీ మధ్య నోటు ఈ చివర నుంచి ఆ చివర దాకా జారాలి. ఎక్కడైనా ఆగితే అక్కడే దోషం.

ఇక తూటాల సంగతి. లైసెన్సు మీద ఏడాదికి ఇన్నని పరిమితి ఉంటుంది కాబట్టి మనవాళ్ళు కాల్చకుండా దాస్తారు. బాబాయిగారి సంచిలో మూడు డబ్బాల తూటాలు కలిసిపోయి ఉన్నాయి. కొన్ని పసుపుగా మెరుస్తున్నాయి, కొన్నిటి ఇత్తడి నల్లబడింది. డబ్బా మీద లాట్ నంబరు ఊరికే వేయరు. మందు ఒక్కో తయారీలో ఒక్కో రకంగా మండుతుంది. మండే తీరు మారితే గుండు వేగం మారుతుంది, వేగం మారితే పడే ఎత్తు మారుతుంది. ఇరవై ఏళ్ళ నాటి తూటానీ మొన్నటి తూటానీ కలిపి కాల్చి తుపాకీని తిట్టడం భావ్యం కాదు.

స్క్రూ, తూటాలు రెండూ ఒకేసారి సరిచేస్తే ఏది అసలు దొంగో తెలియదు. అందుకని ముందు స్క్రూ ఒక్కటే బిగించి అదే కలగాపులగం తూటాలు మళ్ళీ ఐదు కాల్చాను. ఒక్కొక్క రంధ్రం పక్కనా అది కొత్త తూటానో పాత తూటానో పెన్సిల్‌తో రాశాను. ఈసారి ఎడమ కుడి తేడా పోయింది. పై కింది తేడా మాత్రం అలాగే ఉంది. పైన పడ్డవన్నీ కొత్తవి, కింద పడ్డవన్నీ నల్లబడ్డవి. తర్వాత ఒకే డబ్బాలోవి ఐదు తీసి కాల్చాను. అరచేతితో కప్పేస్తే కనపడనంత దగ్గరగా పడ్డాయి. గొట్టం మీద నింద అంతటితో కొట్టేశాం.

గుంపు బిగువుగా ఉంది గానీ గురికి పది సెంటీమీటర్లు ఎడంగా పడుతోంది. ఇది జబ్బు కాదు, సర్దుబాటు. వెనక సైటుని గుండు ఎటు పోవాలని మనం అనుకుంటున్నామో అటే జరపాలి, ముందు సైటుని అయితే దానికి ఎదురు దిక్కుకి. ఎంత జరపాలన్నది ఎక్కాల లెక్క. రెండు సైట్ల మధ్య దూరం అర మీటరు, లక్ష్యం యాభై మీటర్లు అనుకుంటే నిష్పత్తి వందకొకటి. అంటే సైటు ఒక్క మిల్లీమీటరు జరిపితే గుండు పది సెంటీమీటర్లు జరుగుతుంది. సుత్తి పెట్టి కొట్టేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

కాగితం చెప్పే కబుర్లు ఇంకా ఉన్నాయి. రంధ్రాలు నిలువుగా ఒక గీతలా, ఒకదాని పైన ఒకటి పాకుతుంటే గొట్టం వేడెక్కి కర్రని తోస్తోందేమో చూడాలి. కాసేపు చల్లారనిచ్చి కాలిస్తే తేలిపోతుంది. అడ్డంగా పాకుతుంటే గాలి అయినా కావాలి, ట్రిగ్గర్ మీద వేలు పక్కకి లాగడమైనా కావాలి. మొదటి గుండు ఒక్కటే దూరంగా పోయి మిగతా నాలుగూ కలిసి పడితే గొట్టంలో నూనె తుడవకుండా కాల్చి ఉంటారు. రంధ్రం గుండ్రంగా కాకుండా తాళంచెవి కన్నంలా పొడుగ్గా పడితే మాత్రం అక్కడితో ఆపేయండి. గుండు తిన్నగా పోకుండా పల్టీలు కొడుతోందన్నమాట. ఆ తూటా ఆ తుపాకీది కాకపోవచ్చు, గొట్టం లోపలి గాళ్ళు తుప్పు తినేసి ఉండవచ్చు, గొట్టం మూతి దెబ్బ తిని ఉండవచ్చు. అది మరమ్మతుదారు చూడాల్సిన కేసు.

మూతి అన్నాను కదా, దాని గురించి ఒక మాట చెప్పాలి. గుండుని చివరిసారి తాకేది గొట్టం మూతే. అక్కడ గోరంత నొక్కు ఉన్నా వెనకనుంచి తన్నుకొచ్చే గాలి గుండుని ఒక పక్కకి తోస్తుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లతో మూతి అంచు చుట్టూ మెల్లగా తిప్పి చూడండి. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టు. చాలా పాత తుపాకుల్లో ఈ దెబ్బ వేటలో తగిలింది కాదు, శుభ్రం చేసేటప్పుడు తగిలింది. ఇనుప కడ్డీ ముందునుంచి దోపి ఏళ్ళ తరబడి రాపిడి పెడతారు. బోల్టు తీసి వెనకనుంచి తుడవగల తుపాకీని ముందునుంచి ఎందుకు తుడుస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

తుప్పుకి మన దగ్గర ఇంకో దారి ఉంది. ఎన్నికల నియమావళి వచ్చిందంటే లైసెన్సు తుపాకులు చాలావరకు పోలీస్ స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తుంది. వారాల తరబడి అక్కడ ఉంటాయి. వానాకాలం ఎన్నికలైతే చెప్పనే అక్కర్లేదు. అప్పగించే ముందు గొట్టం లోపల పలచగా నూనె పట్టించి ఇవ్వండి. ఇంటికి తెచ్చుకున్నాక ఆ నూనె పూర్తిగా తుడిచాకే కాల్చండి. నూనెతో నిండిన గొట్టంలో తూటా పేల్చడం గురికే కాదు, ప్రాణానికీ మంచిది కాదు. తోలు కవరులో పెట్టి దాచేవాళ్ళకీ ఇదే మాట. తోలు చెమ్మ పీలుస్తుంది, ఆ చెమ్మని ఇనుముకి ఇస్తుంది.

దూరదర్శిని, అదే స్కోపు బిగించిన తుపాకీ అయితే ముందు స్కోపుని పట్టి ఉంచే రింగులు చూడాలి. దెబ్బకి దెబ్బకి కాస్త కాస్త వదులవుతాయి. రింగు అంచున పెన్సిల్‌తో చిన్న గీత గీసి ఉంచితే స్కోపు జరిగిందీ లేనిదీ కనపడుతుంది. రింగులు గట్టిగా ఉన్నా గుళ్ళు తిరుగుతుంటే బాగున్న ఇంకో స్కోపు అరువు తెచ్చి బిగించి చూడండి. అన్నిటికన్నా తొందరగా తేలే పరీక్ష అదే.

ఇవన్నీ సరిచేశాక బాబాయిగారు తానే కాలుస్తానన్నారు. మొదటి గుండు కిందకి పోయింది. రెండోదీ అంతే. నేను ఆయనకి తెలియకుండా నాలుగు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా కలిపి పెట్టాను. అది వచ్చినప్పుడు పేలుడు లేదు, ఉత్త ‘టిక్’ చప్పుడే. కానీ తుపాకీ ముక్కు ఠక్కున కిందికి వాలింది. భుజానికి దెబ్బ తగులుతుందన్న భయంతో శరీరం ముందే ఎదురు తోసేస్తుంది. కళ్ళు మూసుకుంటారు, ఆ సంగతి వాళ్ళకే తెలియదు. ఆయన కాసేపు ఆ ముక్కు వంకే చూసి, “సెట్లో మా హీరోలకి దెబ్బ తగిలినట్టు నటించడం నేర్పేవాళ్ళం. ఇక్కడ తగలనట్టు నటించాలన్నమాట!” అని నవ్వేశారు. మందు లేని తూటాతో ఇంట్లో రోజూ కాసేపు, గోడ వైపు గురిపెట్టి ట్రిగ్గర్ మెత్తగా నొక్కడం సాధన చేస్తే ఇది పోతుంది. వేరే మందు లేదు.

ఇప్పుడు పిల్లల ఎయిర్ రైఫిళ్ళ సంగతి. పది మీటర్ల పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. చుక్క కన్నా గుండు తొమ్మిది రెట్లు పెద్దది. అంత సన్నటి పనిలో ఏ చిన్న తేడా అయినా పతకం తినేస్తుంది. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2008 బీజింగ్‌లో 595 పాయింట్లు కొట్టి కూడా, సమానమైన స్కోరు వాళ్ళతో పోల్చిచూసే లెక్కలో వెనకబడి ఫైనల్‌కి చేరలేకపోయారు. నాలుగేళ్ళ తర్వాత లండన్‌లో 701.1తో కాంస్యం తెచ్చారు. ఆ స్థాయి వాళ్ళు రైఫిల్‌ని ఇనుప పట్టీలో బిగించి, ఏ బ్యాచ్ పెల్లెట్ తమ గొట్టానికి సరిపడుతుందో పరీక్ష చేసి, ఆ బ్యాచ్ డబ్బాలు కొని పెట్టుకుంటారు. మన పిల్లలకి అంత అక్కర్లేదు గానీ, డబ్బా కింద పడేసి అంచులు సొట్టపోయిన పెల్లెట్లు మాత్రం వాడనివ్వకండి. పెల్లెట్ వెనక అంచు పలచటి సీసం. చిన్న సొట్టకే గాలి పక్కకి కారిపోతుంది.

స్ప్రింగు ఎయిర్ రైఫిల్ కొన్న తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు, బల్ల మీద గట్టిగా ఆనించి కాల్చినా ఎందుకు తప్పుతోందని. గట్టిగా ఆనించడం వల్లే. పెల్లెట్ గొట్టం దాటేలోపే లోపల బరువైన పిస్టన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. తుపాకీని తన మానాన ఊగనివ్వాలి. అరచేతి మీద వదులుగా ఉంచి, ప్రతిసారీ అదే చోట పట్టుకుంటే గుంపు కుదురుతుంది. ఆ ఊపుకే కుందా స్క్రూలు కూడా వదులైపోతుంటాయి, కాబట్టి వారానికోసారి చూసుకోవాలి. సిలిండర్ గాలితో పనిచేసేవి ఊగవు. కానీ గాలి అడుగంటితే పెల్లెట్లు కిందికి జారడం మొదలవుతుంది. మీటరు ముల్లు చూడకుండా పిల్లాడిని కోప్పడకండి.

తప్పు ఎప్పుడూ కాల్చేవాడిదే అనుకోవడం కూడా సరికాదు. 2008లో మన దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రా ఆ ఫైనల్‌కి ముందు సరిచూసుకోవడానికి ఒక గుండు కాలిస్తే నాలుగు పాయింట్ల దగ్గర పడింది. సైట్ల అమరిక మారిపోయి ఉంది. ఆయన కంగారుపడి తన చేతిని అనుమానించలేదు. సైటు సరిచేసుకుని, మళ్ళీ చూసుకుని, తర్వాత ఫైనల్‌లోకి దిగి 700.5తో గెలిచారు. తన చెయ్యి ఏం చేస్తుందో అంత నిక్కచ్చిగా తెలిసినవాడు మాత్రమే తుపాకీని అంత తొందరగా అనుమానించగలడు. మిగతావాళ్ళం ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. తేదీ, తూటాల లాట్, దూరం, గాలి, ఏం మార్చామో, గుంపు ఎలా పడిందో అందులో రాసి పెట్టుకోవాలి. కాగితాలు కూడా పారేయకుండా వెనక తేదీ వేసి దాచండి.

ఇక విన్నపాలు. తుపాకీ సరిచూసుకోవడానికి ఫామ్‌హౌస్‌కి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. మన చుట్టూ ఉన్నవి నల్లరాతి గుట్టలు. రాయికి తగిలిన గుండు ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. చిన్న .22 తూటా కూడా కిలోమీటరు దాటి పోతుంది, మీ తోట ప్రహరీ దాటి అవతల ఎవరు నడుస్తున్నారో మీకు తెలియదు. అడవి పందులు పంట తింటున్నా అధికారిక అనుమతి లేకుండా తుపాకీ ఎత్తకూడదు. పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చేవాళ్ళ కోసం 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు. రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులన్నది రెండుకి తగ్గింది. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్ కూడా 4.5 మిల్లీమీటర్ల గొట్టం, ఇరవై జౌళ్ళ లోపు శక్తి ఉన్నదైతేనే. కొనేటప్పుడు ఆ అంకె రసీదు మీద రాయించుకోండి. రేంజ్‌కి వెళ్ళేటప్పుడు తుపాకీతో పాటు అసలు లైసెన్సు పుస్తకం, చెవులకి మూతలు, కళ్ళకి అద్దాలు, ఒక స్క్రూడ్రైవర్ వెంట తీసుకెళ్ళండి.